డిమ్ లేని బల్బులు

పొద్దున్నే మాస్టారు గ్యాస్ పొయ్యి ముందు నిలబడి నాబ్ కట్టేసి ఉందో లేదో చూశారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ చూశారు. కూతురు టీ గ్లాసులు కడుగుతూ, "ఆపేశావు నాన్నా. నేను చూశాను," అంది.

"నువ్వు చూశావు సరేనమ్మా. నేను ఆపినట్టు నాకు గుర్తు రావట్లేదు," అన్నారాయన.

పొయ్యి అయ్యాక తలుపు గొళ్ళెం, గొళ్ళెం అయ్యాక కుళాయి. ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి ఆయన. పక్క సీట్లో కూర్చుని, గొంతు పెంచకుండా, "క్లచ్చి తొక్కు, గేరు మార్చు, ఇప్పుడు అద్దం చూడు," అంటూ ఎంతమందికి భయం పోగొట్టారో. అలాంటాయన తన చేతులను తానే నమ్మలేక ఇల్లంతా తచ్చాడుతుంటే కూతురికి కడుపు రగిలిపోయేది. ఆ మంట ఆయన మీద కాదు, బ్రెడ్డు వ్యాను వాడి మీద.

ఆమె ఇంటి పక్క షెడ్డులో కారు సీట్లకు కవర్లు కుడుతుంది. అందరూ సీట్లమ్మ అంటారు. కుట్టుమిషను వెనక మాస్టారి పాత కారు ఉంటుంది. దాని ముందు దీపాలు రెండూ పగిలిపోతే, వానచుక్క లోపలికి దిగకుండా ఆమే నల్ల రెక్సిను ముక్కలు కత్తిరించి కళ్ళకు గంతలు కట్టినట్టు కట్టింది. మిషను తొక్కుతూ తలెత్తినప్పుడల్లా ఆ నల్ల కళ్ళు కనపడేవి. కనపడినప్పుడల్లా ఆమె సూది ఇంకాస్త గట్టిగా దిగేది.

జరిగింది ఊరందరికీ తెలిసిందే. మంచు కమ్మిన ఒక సాయంత్రం కొండ మలుపులో బ్రెడ్డు వ్యాను గీత దాటి మాస్టారి వైపుకి వచ్చేసింది. ఆయన దాన్ని తప్పించబోయి పక్కనున్న రాతిగోడకి గుద్దారు. వ్యాను వాడు మర్నాడు రవాణా ఆఫీసుకు వెళ్ళి, "పెద్దాయన లైట్లు వేసుకోలేదండీ. మంచులోంచి ఊడిపడ్డట్టు వచ్చారు. వయసైపోయింది కదండీ పాపం," అని సంతకం పెట్టి వచ్చాడు. తప్పు తనదని తేలితే వ్యాను ఎక్కడ ఆపేస్తారోనని వాడి భయం. వాడికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది మాస్టారే. ఆ 'పాపం' అన్న మాటను సీట్లమ్మ ఈనాటికీ మింగలేకపోయింది.

ఆఫీసరు మాస్టారిని పిలిచి, లైట్లు వేశారా లేదా అని అడిగాడు. ఇంకెవరైనా అయితే వేశానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పేవాళ్ళు. ఈయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "వేసే ఉంటానండీ. కానీ స్విచ్చి నొక్కినట్టు గుర్తు లేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, చెయ్యి దానంతటదే వేసేస్తుంది. గుర్తులేనిదాన్ని వేశానని ఎలా చెప్పను?" అన్నారు. ఆఫీసరుకి అది చాలింది. డ్రైవింగు నేర్పే లైసెన్సు రద్దయింది. ఆ రోజు నుంచి మాస్టారు కారు ఎక్కలేదు, పొయ్యిని నమ్మలేదు.

గోడ మాట చెప్పాలి. ఆ ఊళ్ళో వెలుగుతున్న దీపం పగిలితే దాని వెలుతురు పడ్డచోటే అంటుకుపోతుంది. మంగలి షాపులో ట్యూబులైటు ఎప్పుడో పగిలినా కుర్చీ మీద దాని తెల్లటి మరక అలాగే ఉంది, మంగలి ఆ వెలుతురులోనే గడ్డాలు గీస్తాడు. బడి మెట్ల మీద ఒక పసుపు మరక ఉంటుంది, పిల్లలు వంతులేసుకుని అక్కడ కూర్చుని చదువుకుంటారు. కొండ మలుపు రాతిగోడ మీద అలాంటివి బోలెడు. పైన లారీవి, మధ్యలో ఏదో మోటారుసైకిలుది, కింద మోకాలి ఎత్తులో ఒక పసుపు మరకల జంట. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు ఆ జంట దగ్గరే వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటారు.

"అవి మా నాన్న లైట్లే," అని సీట్లమ్మ అప్పుడే ఆఫీసులో కొట్లాడింది. "గోడ నిండా మరకలే కదమ్మా, ఏది ఎవరిదని రాసుకోను?" అన్నాడు ఆఫీసరు. మాస్టారు కూడా గోడ దాకా వెళ్ళి చూసి, "ఆ మలుపులో ఎన్ని బళ్ళు గుద్దుకోలేదమ్మా. నావేనని ఎలా అంటాను?" అని తిరిగి వచ్చేశారు. తండ్రి మీద ఆమెకు కోపం వచ్చింది ఆ ఒక్కరోజే.

ఆ పొద్దున పొయ్యి దగ్గర ఆయన మూడోసారి వెనక్కి తిరగడం చూశాక ఆమెకిక ఓపిక చచ్చిపోయింది. చేతులు తుడుచుకుని నేరుగా బల్బుల పిన్ని కొట్టుకు వెళ్ళింది.

పిన్ని కొట్టు ఇరుకు. పైదాకా అట్టపెట్టెలు, మధ్యలో ఒక పాత బ్యాటరీ, దాని నుంచి రెండు క్లిప్పులు. ఏ బల్బయినా ఆ క్లిప్పులకు తగిలించి వెలిగించి చూపిస్తేగానీ పిన్ని అమ్మదు.

"నాన్న కారుకి బల్బులు కావాలి పిన్నీ. ఎదుటివాడి కళ్ళు పేలిపోవాలి," అంది సీట్లమ్మ.

"ఎదుటివాడంటే?"

"నీకు తెలీదా?"

పిన్నికి తెలుసు. ఇంకేమీ అడక్కుండా ఒక పెట్టె దించింది. వెనక చిన్న ఫ్యాను ఉన్న తెల్లటి బల్బు. వెలిగించగానే కొట్టంతా ఆసుపత్రిలా అయిపోయింది. "ఇప్పుడు అందరూ ఇవే ఎగబడి కొంటున్నారు. కానీ నీ కారు దీపం గిన్నె పాతకాలంది. దాన్లో ఇది పెడితే వెలుతురు మేడల మీదికీ చెట్ల మీదికీ పోతుంది, రోడ్డు మీదకి తప్ప. నీ శత్రువు హాయిగా కింద నుంచి నడిచిపోతాడు."

"అయితే ఎక్కువ వాట్లది ఇవ్వు."

"ఇస్తాను. నాల్రోజులకి హోల్డరు కరిగి, వైర్లు కమిలి, కారు నీ షెడ్డులోనే తగలబడుతుంది. కక్ష ఎవరి మీదో ముందు తేల్చుకో."

సీట్లమ్మ నవ్వలేదు. పిన్ని ఆమె మొహం చూసి స్టూలు లాగి కూర్చోబెట్టింది. "అమ్మడూ, నీకు కావాల్సింది కొత్త వెలుతురు కాదు, పాతదే. మరకపడ్డ వెలుతురు తన ఇంటికి తను తిరిగొస్తుంది. కాకపోతే అదే కారు ఉండాలి, అదే రకం బల్బు ఉండాలి. ఇదిగో, మూడు కాళ్ళ పసుపు బల్బు. ఒకే గాజులో రెండు తీగలు, ఒకటి హై, ఒకటి డిమ్. తెల్లదాన్ని పెడితే ఆ వెలుతురు గుమ్మం దాకా వచ్చి, మన ఇల్లు కాదనుకుని వెనక్కి పోతుంది."

"వస్తే?"

"ఆ సాయంత్రం ఎవరి మీద పడిందో వాళ్ళ మీదే పడుతుంది. మధ్యలో గోడలున్నా, ఊళ్ళున్నా సరే. నువ్వు ఆపేదాకా." పిన్ని బల్బును గుడ్డతో పట్టుకుని ఆమెకు అందించింది. "గాజు ముట్టుకోకు. చేతి జిడ్డు అంటిందంటే అక్కడే వేడెక్కి పగులుతుంది."

సీట్లమ్మ బల్బును వెలుతురుకు ఎత్తి ఆ రెండు తీగలనూ చూసింది. గోడ మీది పసుపు జంట మోకాలి ఎత్తులో ఎందుకుందో ఆమెకు అప్పుడు తట్టింది. హై అయితే గోడ పైకి పోయేది. ఎదురుగా వ్యాను కనపడగానే నాన్న డిమ్ చేశాడు. ప్రతి శిష్యుడికీ మొదటిరోజే చెప్పే మాట, ఎదురుగా మనిషి ఉంటే లైటు దించు అని. తప్పు దారిలో మీదికి దూసుకొస్తున్నవాడి కళ్ళు ఎక్కడ చెదురుతాయోనని ఆయన లైటు దించితే, వాడు లైట్లే లేవని సంతకం పెట్టాడు.

ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. కౌంటరు కింద ఒక రేకుడబ్బా ఉంది, జనం మార్పించుకుని వదిలేసిన పాత బల్బులు వేసేది. "ఆ డబ్బాలోవి పాడైనవేగా?" అని అడిగింది.

"అన్నీ పూర్తిగా పోలేదు. చాలావాటికి డిమ్ తీగ తెగింది, హై బాగానే ఉంది. రోజూ వాడేది డిమ్మే కదా, ముందు పోయేదీ అదే."

"అలాంటివి ఒక జత ఇవ్వు."

పిన్ని చెయ్యి ఆగింది. "డిమ్ లేని బల్బు ఎవరైనా పెడతారా? డిమ్ నొక్కావంటే మొత్తం ఆరిపోతుంది. మధ్యస్తం ఉండదు."

"నేను నొక్కను పిన్నీ."

పిన్ని ఇంక వాదించలేదు. క్లిప్పులకు తగిలించి ఒక్కొక్కటే పరీక్షించి, హై మాత్రమే వెలిగేవి ఒక జత ఏరి గుడ్డలో చుట్టి ఇచ్చింది. పగిలినవాటి బదులు కొత్త గాజు గిన్నెలు కూడా కట్టి ఇచ్చింది.

మర్నాడు సాయంత్రం సీట్లమ్మ రెక్సిను ముక్కలు విప్పి బల్బులు బిగించింది. నాన్న పగటి కునుకు నుంచి లేవకముందే కారు తీసి కొండ మలుపు దగ్గర గోడకెదురుగా ఆపింది. వెలుగు తగ్గుతోంది. బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ వంగి చెప్పు సర్దుకుంటోంది. సీట్లమ్మ స్విచ్చి నొక్కింది.

ముందు ఏమీ కాలేదు. తరువాత గోడ మీది పసుపు జంట అంచు దగ్గర లేచింది, పొడి రంగు పెచ్చులా. మెల్లగా ఊడి, రోడ్డు మీదుగా జరుగుతూ వచ్చి, పాత ఇంట్లోకి వచ్చినట్టు రెండు దీపాల్లోకీ దూరింది. చెప్పు సర్దుకుంటున్నావిడ, "అయ్యో, ఇప్పుడు ఇక్కడ చీకటైపోయింది," అని కాస్త పక్కకి జరిగింది. లోపల డిమ్ తీగ లేదు కాబట్టి ఆ వెలుతురు హై తీగనే పట్టుకుంది. మాస్టారు దించిన వెలుతురు కూతురి బల్బుల్లో తలెత్తింది.

ఆ వేళకి బ్రెడ్డు వ్యాను ఎప్పుడూ ఆ దారినే వస్తుంది. వచ్చింది. రెండు పసుపు చక్రాలు వెళ్ళి ఒకటి వాడి మొహం మీద, ఒకటి ఛాతీ మీద అంటుకున్నాయి. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎలాగో మలుపు దాటిపోయాడు. వ్యాను కొండ దిగి, కనుమరుగై, ఊళ్ళోకి వెళ్ళినా ఆ వెలుతురు వాడితోనే వెళ్ళింది. సీట్లమ్మ స్విచ్చి ఆపకుండానే ఇంటికి వచ్చి కారును షెడ్డులో పెట్టింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. షెడ్డు గోడ మీద మాత్రం చుక్క వెలుతురు లేదు. బ్యాటరీ దిగలేదేమని ఎవరూ అడగలేదు, అది ఈ బ్యాటరీ వెలుతురు కాదు కదా.

ఆ తరువాత వ్యాను వాడి బతుకు చూడాలి. ఎండలో నిలబడ్డా కళ్ళు చికిలించుకునేవాడు. నల్లకళ్ళజోడు పెట్టుకున్నా లాభం లేకపోయింది. బ్రెడ్డు ట్రేల చుట్టూ దీపం పురుగులు మూగేవి. పెళ్ళాం పక్క గదిలోకి పడక మార్చుకుంది. పొరుగాయన మాత్రం మంచి మనిషి, "కాస్త ఇటు వంగవయ్యా," అని వాణ్ణి సింకు దగ్గర నిలబెట్టి ఆ వెలుతురులో పైపు బాగుచేసుకున్నాడు. సాయంత్రాలు పిల్లలు పుస్తకాలు పట్టుకుని వాడి వెంట తిరిగేవాళ్ళు. వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడ బడి.

ఈ కబుర్లు వినపడ్డప్పుడల్లా సీట్లమ్మకు అన్నం రుచిగా ఉండేది. సిగ్గేమీ పడలేదు. ఇంకా కావాలనిపించేది.

చివరికి ఒక ఉదయం వాడే షెడ్డుకు వచ్చాడు. సీటు కవర్ల కోసం వచ్చిన జనం బెంచీ నిండా ఉన్నారు.

"అక్కా, ఆ లైట్లు ఆపు," అన్నాడు.

సీట్లమ్మ మిషను ఆపలేదు. "ఏ లైట్లు?"

"మీ నాన్నగారి కారువి."

"మా నాన్న కారుకి లైట్లెక్కడివి? లేవని నువ్వేగా సంతకం పెట్టావు."

బెంచీ మీద ఎవరో దగ్గారు. వాడు మొహం మీద వెలుతురుతో అలాగే నిలబడ్డాడు, దాచుకోవడానికి చీకటి లేదు. "ఉన్నాయక్కా. ఆ రోజు వెలుగుతూనే ఉన్నాయి. నేనే గీత దాటాను," అన్నాడు.

"నాకు కాదు. ఎక్కడ చెప్పావో అక్కడ చెప్పు."

వెళ్ళి చెప్పాడు. అదే ఆఫీసు, అదే కౌంటరు. ఆఫీసరు వాడి వంకా, వాడి ఛాతీ మీది పసుపు చక్రం వంకా చూసి రాసుకున్నాడు. వాడి వ్యాను ఆగిపోయింది. మాస్టారి లైసెన్సు తిరిగొచ్చింది. సీట్లమ్మ దాన్ని అద్దం కట్టించి పాత మేకుకే తగిలించింది.

మాస్టారు దాని కింద నిలబడి చదివారు. తరువాత వంటింట్లోకి వెళ్ళి నాబ్ చూశారు.

"ఇంకా ఏంటి నాన్నా? వాడే ఒప్పుకున్నాడు కదా!"

"నువ్వు వాడిని అలా నిలబెడితే ఏదైనా ఒప్పుకుంటాడమ్మా. నీ సంగతి నాకు తెలీదా? చిన్నప్పుడు నీ పెన్సిలు తీశాడని పక్కింటివాడిని రోజంతా బాత్రూములో పెట్టి గొళ్ళెం వేశావు. నా మీద ప్రేమతో ఆ గోడ మీద ఎవరిదో వెలుతురు తెచ్చి వాడికి అంటించి ఉంటావు." ఆయన కోప్పడలేదు. అందుకే ఆమెకు ఇంకా బాధేసింది. "నా చెయ్యి వేసిందో లేదో నాకే తెలియాలి. అది నువ్వు తెచ్చిపెట్టేది కాదు."

తను ఇంత చేసినా ఆయన పొయ్యి దగ్గరే ఉన్నారు. సీట్లమ్మ ఆ కసి కూడా వ్యాను వాడి మీదే పెట్టుకుంది. లైట్లు ఆపలేదు. వాడు చచ్చేదాకా ఆపనని అనుకుంది, పైకే అంది.

డ్రైవరు సీటుకు మాత్రం కొత్త కవరు కుట్టింది. నాన్న నడుముకు ఆనేచోట దూది దట్టంగా పెట్టి, చెమట పట్టని గుడ్డ వేసింది. రోజూ సాయంత్రం, "ఒకసారి కూర్చుని చూడు, కుట్టు గుచ్చుకుంటుందేమో," అని అడిగేది. ఆయన రోజూ వద్దనేవారు. ఒకనాడు ఏ కళనున్నారో, "కారు నడపమంటే మాత్రం నడపను. కుట్టు చూసి దిగిపోతా," అంటూ తలుపు తీసి కూర్చున్నారు.

"నడుము దగ్గర బాగుంది. మెడ దగ్గర కొంచెం ఎత్తయింది," అన్నారు.

"ఎంత దించను?" అని ఆమె కిటికీ దగ్గర టేపు పట్టుకుని నిలబడింది.

అప్పుడే షెడ్డు గేటు దగ్గర పసుపు వెలుతురు పడింది. వ్యాను వాడు నడిచి వచ్చాడు. కారుకు ఎదురుగా నిలబడి, కళ్ళు పూర్తిగా మూసుకునే మాట్లాడాడు.

"అక్కా, చెప్పమన్నది చెప్పాను. వ్యాను పోయింది. కళ్ళు మూసుకున్నా వెలుతురే. నిద్ర ఎలా ఉంటుందో మర్చిపోయాను. పూర్తిగా ఆపొద్దు, కాస్త దించు."

"ఈ బల్బులకు డిమ్ లేదు," అంది సీట్లమ్మ.

"ఉండకపోవడమేంటి? మాస్టారి కారుకి డిమ్ లేకపోవడమేంటి?"

"మా నాన్న దించే ఉంచాడు. నీ కోసమే దించాడు. నువ్వది తిన్నావు. ఇంక నీకు డిమ్ లేదు." ఆమె టేపును వేళ్ళకు బిగించి చుట్టుకుంది. "నువ్వు ఆ కౌంటరు దగ్గర 'పాపం' అన్నావే, ఆ పాపం నాకు లేదు. పో."

"మెడ దగ్గర ఒక వేలు దించితే చాలమ్మా," అంటున్నారు మాస్టారు లోపలి నుంచి, సీటు వెనక తడుముకుంటూ. తలెత్తి అద్దంలోంచి ముందుకు చూశారు. "ఎవరది ఎదురుగా? మన వ్యాను..."

టప్‌మని చిన్న చప్పుడైంది. దీపాలు ఆరిపోయాయి.

గేటు దగ్గర చీకటి పడింది. వ్యాను వాడి మొహం, ఛాతీ, చుట్టూ తిరుగుతున్న పురుగులు, ఏవీ కనపడలేదు. చాలారోజులకు దొరికిన చీకట్లో వాడికి ఏమీ కనపడక గేటును తడుముకున్నాడు. ఏడుస్తున్నాడో ఏమో, ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. కొండ మలుపు గోడ మీద ఆ వెలుతురు ఇంక లేదు, బల్బుల్లోనూ లేదు. వాడెళ్ళిన వైపు చూస్తూ సీట్లమ్మ పళ్ళు కొరికింది. ఆమెకింకా కసి తీరలేదు, సగం అన్నంలో విస్తరి లాగేసినట్టుంది.

"ఎందుకు దించావు నాన్నా?" అని అరిచింది. "వాడికోసం ఎందుకు దించావు?"

"ఏం దించాను?" అన్నారు మాస్టారు.

ఆమె కిటికీలోంచి వంగి చూసింది. ఆయన ఎడమచెయ్యి ఇంకా సీటు వెనక కుట్టు దగ్గరే ఉంది. కుడిచెయ్యి మాత్రం స్టీరింగు పక్కనున్న డిమ్ కడ్డీ మీద, దాన్ని కిందికి నొక్కి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి అక్కడికి వెళ్ళినట్టు ఆయనకు తెలియదు. కూతురు చూస్తున్న వైపే ఆయనా చూశారు, చెయ్యి కనపడింది.

"నేను నొక్కానా?" అన్నారు.

సీట్లమ్మకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. టేపు చుట్టుకున్న చేతితోనే ఆయన చెయ్యి పట్టుకుంది.

"నొక్కావు నాన్నా," అంది. "ఆ రోజూ నొక్కావు."

మాస్టారు కడ్డీ మీంచి ఆ చెయ్యి తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆ సాయంత్రం పొయ్యి ఆపి, వెనక్కి తిరిగి చూడకుండా వంటింట్లోంచి బయటికి వచ్చారు.